కొమ్మల సంత

ఒక చెరువు కట్ట కింద ఒక ఊరుండేది. ఆ ఊళ్లో కలిమి అంటే కొంగ రెట్ట.

ఇందులో నవ్వడానికేమీ లేదు. చలి మొదలవగానే ఉత్తరం నుంచి కొంగలు వచ్చేవి. చెరువు ఒడ్డు పొడుగునా ఉన్న తుమ్మచెట్ల మీద గూళ్లు కట్టి, పిల్లల్ని చేసి, ఎండలు ముదిరే లోపు వెళ్లిపోయేవి. ఉన్న నాలుగు నెలలూ చెట్ల కింద తెల్లగా కురుస్తూనే ఉండేది. ఆ తెలుపు పట్టిన మట్టిని తట్టలకెత్తి పొలంలో చల్లితే రెండు పుట్లు పండే చోట నాలుగు పుట్లు పండేవి. పొద్దున్నే లేచి చూస్తే ఒడ్డంతా మంచు పడినట్టుండేది. మంచు ఎలా ఉంటుందో ఆ ఊళ్లో ఎవరూ చూడలేదు. కొంగలకు తెలుసునని మాత్రం అనుకునేవారు.

మొదట్లో కొంగల కోసం ఎవరూ ఏమీ చేయలేదు. అవి వచ్చేవి, పోయేవి. ఒక ఏడు పెళ్లిమేళం మోగిన మర్నాడు ఒక చెట్టు ఖాళీగా కనపడింది. చప్పుడుకే పోయాయని ఊరిపెద్ద అన్నాడు. అప్పట్నుంచి చలికాలంలో మేళాలు ఆగిపోయాయి. తర్వాత రోకళ్లు ఆగాయి. కుక్కల్ని పొరుగూరికి తోలేశారు. కోళ్లను కోసుకు తినేశారు. కడుపుతో ఉన్న ఆడవాళ్లు నెలలు నిండగానే గుట్ట అవతలికి వెళ్లి కని, బిడ్డకు ఏడవకుండా ఉండటం అలవాటయ్యాకే ఊళ్లోకి రావాలని కట్టడి పెట్టారు.

ఆ నాలుగు నెలలూ ఊరు నీళ్ల అడుగున ఉన్నట్టుండేది. జనం నోళ్లు తెరిచేవారు, మూసేవారు. కడవలకు గుడ్డ చుట్టి నీళ్లు ముంచేవారు. గాలి కూడా అలవాటు పడి ఆకులు కదపకుండా వెళ్లిపోయేది.

గట్టిగా మాట్లాడాలంటే పొలిమేర రాయి దాటాలి. మొగుడూ పెళ్లాం పోట్లాడుకోవాలంటే చెప్పులేసుకుని రాయి దాకా మౌనంగా నడిచి, అవతలికి వెళ్లాక మొదలుపెట్టేవారు. సగం మంది అక్కడికి చేరేసరికి గొడవ దేనికో మరిచిపోయి, కాసేపు నిలబడి, ఒకసారి గట్టిగా దగ్గి తిరిగొచ్చేవారు.

ఆ ఊళ్లో డప్పు మనిషి ఒకడుండేవాడు. అతను చెరువు కట్టకు కాపలాదారు. అతని తండ్రీ, తాతా కూడా అదే పని చేశారు. కట్టకు గండి పడేలా ఉంటే డప్పు కొట్టి, కట్ట కిందనే ఉన్న పల్లపు వీధిని లేపాలి. ఆ దెబ్బ వేరు. మూడు దగ్గర దగ్గరగా, ఒకటి ఎడంగా. పెళ్లికీ, చావుకీ, జాతరకీ అది వాయించరు. అతను పుట్టాక అది ఒక్కసారే మోగింది.

చప్పుళ్లు ఆగిపోయిన ఏడు అతను డప్పును పల్లపు వీధిలో కూతురి ఇంటి అటక మీద పెట్టేశాడు. డప్పు పోయినా వేళ్లు మిగిలాయి. ఆ వేళ్లకు సంత పని దొరికింది.

సంత అంటే కొమ్మల సంత. కొమ్మ ఎవరిదైతే దాని కింద కురిసింది వాళ్లది. ముందు కొంగలు పోయాక తట్టల లెక్కన అమ్ముకునేవారు. తర్వాత కొంగలు ఉండగానే కొమ్మల లెక్కన అమ్మారు. ఆ తర్వాత కొంగలు రాకముందే, వస్తాయన్న ఊహ మీద అమ్మారు. పొద్దున ఒకడి చేతిలో ఉన్న కొమ్మ సాయంత్రానికి పదిమంది చేతులు మారేది. తన కొమ్మ ఏ చెట్టుదో చూడకుండానే కొని, చూడకుండానే అమ్మినవాళ్లు ఊళ్లో సగం మంది ఉన్నారు.

అరవడానికి వీల్లేదు కాబట్టి బేరం తువాలు కింద జరిగేది. పశువుల సంతలో చేసినట్టే. అమ్మేవాడి చేయీ, కొనేవాడి చేయీ తువాలు కింద కలుస్తాయి. మధ్యవాడు రెండు చేతులూ పట్టుకుని ఒకరి ధర ఇంకొకరికి చేరేస్తాడు. చూపుడువేలు పట్టుకుంటే ఒక పుట్టి ధాన్యం. రెండు వేళ్లకు రెండు పుట్లు. చేయంతా పట్టుకుంటే అయిదు. అమ్మేవాడు గుప్పిట మూస్తే బేరం కుదిరినట్టు.

డప్పు మనిషి ఆ మధ్యవాడు. మొహంలో ఏమీ కనపడనివ్వని మనిషికి కూడా తువాలు కింద అరచేయి చెమర్చేది. ధర పడబోయే రోజు పొద్దున్నుంచే ఊరి వేళ్లు చల్లబడేవి. ధర లేవబోయే రోజు చర్మం బిగిసేది, ఎండకు పెట్టిన తోలు బిగిసినట్టు. ఊరి భయం ఊరికంటే ముందు అతనికి తెలిసేది. తెలిసినా చెప్పేది కాదు. మధ్యవాడి పని చెప్పడం కాదు, చేరేయడం.

చలికాలం మొదట్లో ఉప్పామె వచ్చేది. ఉప్పుబుట్ట నెత్తిన పెట్టుకుని, కొంగలు వచ్చే దారినే, ఒక మడుగు నుంచి ఇంకో మడుగుకు నడిచేది. ఆమె రాగానే ఊరంతా పొలిమేర రాయి అవతలికి చేరేది.

“ఏం తమ్ముడూ, మీ ఊళ్లో అందరూ బతికే ఉన్నారా? వల్లకాట్లోకి వచ్చానేమో అనుకున్నా” అనేది డప్పు మనిషితో.

“ముందు ఉత్తరం సంగతులు చెప్పక్కా.”

“ఉప్పు తూచకుండా సంగతులా? నోటి కబుర్లు ఊరికే ఇస్తే నా బుట్ట ఎవడు దించుతాడు?”

ఉప్పు తూచాక చెప్పేది. ఒక ఏడు ఇలా చెప్పింది: “మొదటి మడుగు రాజు పోయాడు. ఇద్దరు కొడుకులూ గద్దె కోసం కొట్టుకుంటున్నారు. వాళ్ల గుర్రాలు మడుగులో దిగి నీళ్లన్నీ బురద చేశాయి. కొంగలు అక్కడ దిగలేదు. పైనుంచి చూసుకుంటూ పోయాయి.”

“అయ్యో పాపం” అన్నాడు ఒకడు. వెంటనే, “అంటే అవి కూడా మనకే వస్తాయా?” అన్నాడు.

ఉప్పామె బుట్ట నెత్తికెత్తుకునే లోపే ధర ఒక వేలు పెరిగింది.

మరుసటి ఏడు, తూర్పు మడుగు రాణి తన రాజ్యంలో రాలిన ప్రతి ఈకా తనదేనని చాటింపు వేయించిందని చెప్పింది. అక్కడి జనం మనకెందుకొచ్చిన గొడవని వాళ్ల చెట్లు వాళ్లే నరుక్కున్నారట. ఈ ఊళ్లో ఇంకో వేలు పెరిగింది. ఇంకో ఏడు, పడమటి రాజు దగ్గాడని ఎవరో అన్నారు. మధ్యాహ్నానికి రెండు వేళ్లు పడిపోయింది. మిరపకాయల పొగకు దగ్గాడని సాయంత్రానికి తెలిసింది. ఒక వేలే లేచింది. రెండో వేలు ఎందుకు లేవలేదో ఎవరూ అడగలేదు.

ఆ ఏడే గొడుగు మనిషి వచ్చాడు. ఏ ఊరివాడో ఎవరికీ తెలియదు. కొంగలు దిగే ప్రతి మడుగు దగ్గరా అతనికి కొమ్మలున్నాయనేవారు. పైనుంచి కురిసేది బట్టల మీద పడకుండా ఎప్పుడూ గొడుగు వేసుకునే తిరిగేవాడు. అతని చేయి వెచ్చగానూ ఉండేది కాదు, చల్లగానూ ఉండేది కాదు. పొడిగా ఉండేది. తువాలు కింద డప్పు మనిషికి అర్థం కాని చేయి అదొక్కటే.

గొడుగు మనిషి వచ్చాక కొమ్మలు చాలలేదు. ఊరిపెద్ద కట్ట మీద కూడా తుమ్మమొక్కలు నాటించాడు.

“పెద్దయ్యా, కట్ట మీద చెట్టు కూడదు” అన్నాడు డప్పు మనిషి, రాయి అవతల నిలబడి. “వేరు లోపలికి పోయి కట్టను గుల్ల చేస్తుంది. మా తాత గడ్డి దుబ్బు కూడా ఉండనిచ్చేవాడు కాదు.”

“మీ తాత కాలంలో కొమ్మ ధర ఎంత?”

“అప్పుడు కొమ్మకు ధర లేదు పెద్దయ్యా.”

“చూశావా! నువ్వు డప్పు వాయించేవాడివా, చెట్లు చూసేవాడివా? వాయించడానికి డప్పు లేకపోయేసరికి నా చెవి దొరికినట్టుంది నీకు” అన్నాడు ఊరిపెద్ద. అందరూ నవ్వారు. రాయి అవతల కాబట్టి హాయిగా, గట్టిగా నవ్వారు. నవ్వు ఆగాక ఊరిపెద్ద అతని భుజం మీద చేయి వేశాడు. “కట్ట మీద ఏడో చెట్టులో ఒక కొమ్మ నీకు ఇప్పిస్తాను. రెండు పుట్లు ఇచ్చుకో. నీ కూతురిని ఎన్నాళ్లు ఆ పల్లంలో ఉంచుతావు?”

ఆ మాట డప్పు మనిషికి తగలవలసిన చోట తగిలింది. కూతురి ఇల్లు పల్లపు వీధిలో మొదటిది. దాని వెనక గోడకూ కట్టకూ మధ్య ఒక మనిషి పక్కవాటుగా నడవాలి. అల్లుడు దూరాన ఉప్పుమళ్లలో పనికి వెళ్లి ఏడాదికి ఒకటి రెండుసార్లు మాత్రమే వచ్చేవాడు. ఊరి మెరక మీద ఒక ఇల్లు అమ్మకానికుంది. దాని ధర ఏడు పుట్లు. కూతురికి కడుపు.

అతను రెండు పుట్లు ఇచ్చి ఏడో చెట్టు కొమ్మ కొన్నాడు.

మూడేళ్లకు కట్ట మీద తుమ్మలు కొంగల బరువు మోసేంత అయ్యాయి. కూతురికి మొదటి కడుపు నిలవలేదు. రెండోసారి నెలలు నిండుతున్నాయి. ఒక పొద్దున ఆమె తండ్రికి అంబలి పోస్తూ, గుసగుసగా అడిగింది.

“నాన్నా, నీ కొమ్మ ఎంతకొచ్చింది?”

“అయిదు.”

“ఏడు కావాలిగా?”

“వస్తుందమ్మా.”

“ఏడొస్తే నువ్వు అమ్మవు. ఎనిమిది వస్తుందేమో చూద్దామంటావు” అని నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వు ఆపుకుని, “గుట్ట అవతలికి మాత్రం నేను పోను. పోయినసారి పోతేనే కదా అలా అయింది. ఈసారి ఇక్కడే కంటాను. ఇక్కడే ఏడుస్తుంది నా బిడ్డ” అంది.

అతను తల ఎత్తి చూశాడు. ఆమె వెనక గోడ మీద చెమ్మ మచ్చ ఒకటి కనపడింది. నిన్న అరచేయంత ఉంది. ఇవాళ చేటంత ఉంది.

ఆ రోజు సంత కట్ట మీదే. మధ్యాహ్నం. గాలి లేదు. చెట్ల నిండా కొంగలు కళ్లు మూసుకుని ఉన్నాయి. చెట్ల కింద జనం, జనం మధ్య తువాళ్లు. దూరం నుంచి చూస్తే ఊరంతా చేతుల మీద గుడ్డ కప్పుకుని నిద్రపోతున్నట్టుంది.

గొడుగు మనిషి నేరుగా డప్పు మనిషి దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. ఏడో చెట్టు వైపు కళ్లతో చూపించాడు. అమ్మేవాడే మధ్యవాడు కాకూడదు కాబట్టి ఊరిపెద్ద వచ్చి తువాలు పట్టాడు.

పొడి వేళ్లు వచ్చి ముందు చేయంతా పట్టుకున్నాయి. అయిదు. డప్పు మనిషి కదల్లేదు. చూపుడువేలు. ఆరు. మధ్యవేలు. ఏడు.

గుప్పిట మూస్తే చాలు. మెరక మీది ఇల్లు అతనికి కళ్ల ముందు కనపడింది. దాని అరుగూ, అరుగు మీద కూతురూ, ఒళ్లో బిడ్డా. బిడ్డ నోరు తెరిచి ఉంది, ఏడుపు మాత్రం వినపడటం లేదు.

అప్పుడే పాదానికి తడి తగిలింది.

అతను తల తిప్పి చూశాడు. ఏడో చెట్టు మొదట్లో, ఊరి వైపు వాలులో, నీళ్లు ఊరుతున్నాయి. కట్టకు ఊట ఉండటం మామూలే. తేట నీళ్లు ఊరితే భయం లేదు. బురద నీళ్లు ఊరితే కట్ట లోపల కరిగిపోతోందని అర్థం. తాత అతనికి నేర్పిన మొదటి పాఠం అది. అతను ఖాళీ చేతి వేలిని నీళ్లలో ముంచి ఎండకేసి పట్టుకున్నాడు. గోరు చుట్టూ ఎర్రగా మట్టి.

“పెద్దయ్యా, ఊట” అన్నాడు ఊపిరితో.

“ఎప్పుడూ ఉండేదేగా.”

“తేట కాదు. బురద.”

“సంత అయ్యాక చూద్దాం. ముందు గుప్పిట మూయి. ఏడయ్యా, పిచ్చోడా, ఏడు!”

డప్పు మనిషి లేచి నిలబడి అరవబోయాడు. అరుపు రాలేదు. ఇన్ని చలికాలాలు మింగిన గొంతు ఎటు తెరుచుకోవాలో మరిచిపోయింది. నోటి నుంచి గాలి మాత్రం వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్లు అతని తెరిచిన నోరు చూసి, మంచి ధర వచ్చిన ఆనందం అనుకుని చిరునవ్వు నవ్వారు.

అతను చేయి లాక్కున్నాడు. పొడి వేళ్లు ఒక క్షణం పాటు తువాలు కింద అతని వేళ్ల కోసం వెతికాయి.

కూతురి ఇంటికి పరిగెత్తి అటక మీంచి డప్పు దించాడు. వేలితో తట్టాడు. చెమ్మకు తోలు సడలిపోయి ఉంది. చాప మీద కొట్టినట్టు పలికింది. కాచకుండా పలకదు.

“గడ్డి” అన్నాడు.

కూతురు ఎందుకని అడగలేదు. ఒక చేత్తో కడుపు పట్టుకుని, ఇంకో చేత్తో పొయ్యిలో ఎండుగడ్డి వేసి ఊదింది. మంట లేచింది. అతను డప్పును మంట దగ్గర పెట్టి తిప్పసాగాడు. వెనక గోడ మీద చెమ్మ మచ్చ ఇప్పుడు తలుపంత ఉంది.

“కాగిందా?”

“ఇంకా లేదు. తొందరపడితే తోలు పగులుతుంది.”

“నాన్నా, ఏడొచ్చిందా?”

“వచ్చింది.”

“మరి?”

“గుప్పిట మూయలేదు.”

ఆమె అతని మొహంలోకి చూసింది. ఇది కొడితే ఏడో చెట్టు ఖాళీ అవుతుంది. అన్ని చెట్లూ ఖాళీ అవుతాయి. మెరక మీద ఇల్లు ఉండదు. కొట్టాక కట్ట తెగకపోతే ఈ ఊళ్లో నిలబడటానికి చోటే ఉండదు. ఇద్దరికీ తెలుసు. గోడ లోంచి ఒక బొట్టు జారి నేల మీద పడింది. ఆమె డప్పు అంచు పట్టుకుని మంటకు ఇంకొంచెం దగ్గరగా జరిపింది.

“ఇప్పుడు కాగింది. కొట్టు” అంది.

అతను వీధిలోకి వచ్చి కొట్టాడు. మూడు దగ్గర దగ్గరగా, ఒకటి ఎడంగా.

పల్లపు వీధి జనం తలుపులు తీసి బయటికి వచ్చారు. ముందు అందరూ పెదాల మీద వేలు పెట్టి అతన్ని కళ్లతోనే గద్దించారు. ఆ దెబ్బ ఎన్నడూ వినని చిన్నపిల్లలే ముందు పరిగెత్తారు. వాళ్ల వెనక తల్లులు, తల్లుల వెనక ముసలివాళ్లు. మెరక మీదికి అందరూ ఎక్కారు.

కట్ట మీద కొంగలు లేచాయి. ఒక్కొక్కటి కాదు, అన్నీ ఒకేసారి. ఊరు ఇన్నేళ్లు దాచుకున్న చప్పుడంతా ఆ రెక్కల్లోంచి వచ్చింది. ఎండ ఆగిపోయింది. కొంగలు చెరువు మీద మూడుసార్లు తిరిగి, ఉత్తరానికి ముక్కు తిప్పి, సన్నటి గీతై, చెరిగిపోయాయి. చాలాసేపటి వరకూ ఈకలు రాలుతూనే ఉన్నాయి. జనం తువాళ్ల కింద చేతులు అలాగే పెట్టుకుని పైకి చూస్తూ నిలబడ్డారు.

అప్పుడు ఏడో చెట్టు నిదానంగా, ఎవరో పిలిస్తే వంగినట్టు, ఒక పక్కకు ఒరిగింది. దాని వేళ్లు పట్టుకున్న కట్ట దానితోనే వెళ్లింది.

చెట్టు ఒరగడం చూసి కట్ట మీది జనం రెండు పక్కలకూ పరిగెత్తారు. ఎవరూ చావలేదు. పల్లపు వీధిలో నలభై ఇళ్లు బెల్లంలా కరిగిపోయాయి. ఒడ్డు మీది గూళ్లలో గుడ్లు మిగిలాయి. రెండు రోజులకు చల్లబడ్డాయి. మూడో రోజు, మెరక మీద ఎవరిదో అరుగు మీద, కూతురికి కొడుకు పుట్టాడు.

పదిహేను రోజులకు పంచాయతీ పెట్టారు. చెట్ల మీద ఒక్క కొంగ లేకపోయినా, పొలిమేర రాయి అవతలే పెట్టారు.

“కట్ట సంగతి కాదు. కట్ట మళ్లీ వేసుకుంటాం” అన్నాడు ఊరిపెద్ద. “కొంగల సంగతి చెప్పు. ఎందుకు కొట్టావు?”

“కొట్టకపోతే నలభై ఇళ్ల జనం పోయేవాళ్లు పెద్దయ్యా.”

నలభై ఇళ్ల జనం అక్కడే ఉన్నారు. ఎవరూ తల ఎత్తలేదు. వాళ్లకూ ఒకటో అరో కొమ్మలుండేవి.

అంతలో, ఆ ఏడు ఆలస్యంగా, ఉప్పామె బుట్టతో వచ్చింది. “ఏమిటీ, పెళ్లా తద్దినమా? ఎవర్ని తిడుతున్నారు?”

“ఇతను డప్పు కొట్టాడు. కొంగలు పోయాయి.”

“ఏ రోజు?”

చెప్పారు. ఆమె బుట్ట దించి, వేళ్లు మడిచి రోజులు లెక్క చూసుకుంది.

“ఆ మధ్యాహ్నం నేను రెండో మడుగు దగ్గరున్నా. అక్కడ డప్పు లేదు, చీమ చిటుక్కుమనలేదు. అన్నీ ఒక్కసారే లేచిపోయాయి. తూర్పునా, పడమటా కూడా అంతేనని బండ్లవాళ్లు చెప్పారు. వాటి సొంత సరస్సు మీద మంచు ఈ ఏడు రెండు నెలల ముందే కరిగిందట. అక్కడ కొత్త రాజు వచ్చాడు. చలికి జనం గోల పెడుతున్నారని సరస్సు చుట్టూ కొండల మీద నెగళ్లు వేయించాడట. సొంతింట్లో వెచ్చగా ఉంటే పరాయి చెట్టు మీద ఎవరుంటారు?”



“ఆ రాజుకు మన సంగతి తెలుసా?” అని ఎవరో అడిగారు.

“మీ ఊరి పేరే తెలీదు” అంది ఉప్పామె.

ఊరిపెద్ద చాలాసేపు ఆలోచించాడు. అతను చెడ్డవాడు కాదు. ఊరి కోసమే ఆలోచించాడు.

“డప్పు వల్ల పోయాయంటే, డప్పు ఆపుతాం. వచ్చే ఏడు వస్తాయి. ఎక్కడో మంచు కరిగి పోయాయంటే, మనం ఏం ఆపాలి?”

ఊరిపెద్ద తిరిగి జనం వైపు చూశాడు.

“కాబట్టి డప్పు వల్లే పోయాయి” అన్నాడు.

జనం మొహాల్లో బరువు దిగింది. పల్లపు వీధి వాళ్ల మొహాల్లో కూడా దిగింది. డప్పు మనిషి అది చూశాడు. ఊరిపెద్ద కత్తి తెప్పించి, కోపం లేకుండా, పండు కోసినట్టు, డప్పు తోలును ఈ చివర నుంచి ఆ చివరకు కోశాడు. సంత తువాలు మాత్రం అతని దగ్గర్నుంచి తీసుకోలేదు. ఆ పని అంత బాగా వచ్చిన వేళ్లు ఊళ్లో ఇంకెవరికీ లేవు.

మళ్లీ చలి వచ్చింది. కట్ట సగమే లేచింది. కొంగలు వస్తే పూర్తి చేద్దామన్నారు. చెరువులో నీళ్లు లేవు, పగుళ్లిచ్చిన ఒండ్రు ఉంది. నీళ్లు లేని చెరువుకు కొంగలు ఎందుకొస్తాయని ఎవరూ అడగలేదు. పల్లపు వీధి అదే చోట గుడిసెలతో లేచింది. ఒడ్డు మీది తుమ్మలు ఖాళీ కొమ్మలు చాపుకుని నిలబడి ఉన్నాయి. వాటి కింద కొమ్మల సంత మొదలైంది.

గొడుగు మనిషి వచ్చాడు. కురిసేదేమీ లేకపోయినా గొడుగు వేసుకునే ఉన్నాడు. ఊరిపెద్ద తన కొమ్మ అమ్మకానికి పెట్టాడు. ఇద్దరి చేతుల మీదా డప్పు మనిషి తువాలు కప్పి, మధ్యలో తన వేళ్లు పెట్టాడు. ఊరిపెద్ద అరచేయి చెమటతో జారిపోతోంది. పొడి చేయి చూపుడువేలు పట్టుకుంది. ఒకటి.

కూతురు అతని పక్కనే ఒండ్రు గడ్డ మీద కూర్చుంది. ఒళ్లో పిల్లాడు. వాడికి ఏడవకుండా ఉండటం ఎవరూ నేర్పలేదు.

వాడు ఏడ్చాడు. మూడు దగ్గర దగ్గరగా, ఊపిరి పీల్చుకుని, ఒకటి ఎడంగా.

పల్లపు వీధి వాళ్లు ఎందుకో తెలియకుండానే లేచి నిలబడ్డారు. వంద చేతులు పెదాల మీదికి వెళ్లాయి. వంద మొహాలు ఆకాశం వైపు తిరిగాయి. ఆకాశంలో ఒక్క రెక్క లేదు. వాడు మళ్లీ ఏడ్చాడు. జనం చాలాసేపు అలాగే చూశారు.

“ఇంత ఏడుపుకు ఒక్క కొంగ కూడా లేచిపోలేదు” అని ఎవరో గుసగుసగా అన్నారు.

ఆ మాట చెట్టు నుంచి చెట్టుకు వెళ్లింది. తువాలు కింద ఊరిపెద్ద అరచేయి ఆరింది. పొడి చేయి ఇంకో వేలు పట్టుకుంది. ఆగింది. మూడో వేలు పట్టుకుంది.

“నాన్నా, వీడికి చలేస్తోంది. గుడ్డేదైనా ఉంటే ఇవ్వు” అంది కూతురు, మామూలు గొంతుతో.

డప్పు మనిషి తన వేళ్లు వెనక్కి తీసుకున్నాడు. తువాలు లాగి, దులిపి, పిల్లాడికి చుట్టాడు. ఏడుపు ఆగింది.

ఎండలో రెండు చేతులు బయటపడ్డాయి. ఊరిపెద్ద మూడు వేళ్లు గొడుగు మనిషి చేతిలో ఉన్నాయి. ఇన్నేళ్లలో సంతలో ఒక ధరను కళ్లతో చూడటం అదే మొదటిసారి. జనం ఆకాశం మీంచి చూపు దించి ఆ చేతుల వైపు చూశారు. గొడుగు మనిషి మాత్రం అప్పుడే కాదు, ముందు నుంచీ ఆకాశం వైపు చూడటం లేదని డప్పు మనిషి గమనించాడు. అతను జనం మొహాల వైపు చూస్తున్నాడు.

ఇద్దరిలో ఎవరూ ముందు చేయి వదల్లేదు.